ఏమీ జరగని నిమిషాలు

"సమతూకం" అన్నాడు మా డైరెక్టర్ బోజిదార్. ఆ ఉదయం ఆ మాట అతని నోట పదోసారో పదిహేనోసారో. సాధన గదిలో అమ్మాయిలు నేల మీద కాళ్లు బారచాపుకుని వింటున్నారు. అబ్బాయిలు గోడ కడ్డీకి ఆనుకుని వింటున్నారు. నేను కుర్చీలో కూర్చుని ఉడికిపోతున్నాను. అరవై దాటినదాన్ని కాబట్టి మా బృందంలో కుర్చీ మర్యాద నాకొక్కదానికే ఉంది.

"పాతవే ఆడుతూ కూర్చుంటే మనల్ని మ్యూజియం అంటారు. కొత్తవే ఆడితే హాల్లో ఈగలు తోలుకోవాలి. అందుకే సీజన్ మొదటి సాయంత్రం రెండూ కలిపి ఇస్తున్నాం. విరామానికి ముందు 'ఏటి పెళ్లికూతురు'. విరామం తర్వాత మన ఆసెన్ కట్టిన కొత్త బ్యాలే, 'రేవు'. రాజధాని సోఫియా నుంచి మంత్రిగారు వస్తున్నారు. ఆయన రెండూ చూడాలి, వేళకి భోజనానికి లేవాలి."

"'ఏటి పెళ్లికూతురు' మూడంకాలు. విరామానికి ముందు ఎలా పడుతుంది? దంచి కూరుతావా?" అన్నాను.

అమ్మాయిలు కిసుక్కుమన్నారు. బోజిదార్ నవ్వలేదు.

"కాస్త కుదిస్తాం, వెలిచ్కా గారూ. నాట్యం ఏదీ తియ్యం. ఏమీ జరగని చోట్లు మాత్రం తీసేస్తాం. ఆ ఊరేగింపు, ఆ వేటగాళ్ల రాకపోకలు, రెండో అంకం చివర ఆ తల్లి..."

"ఆ తల్లి?"

"ఆ నాలుగు నిమిషాలూ ఎవరూ నాట్యం చెయ్యరు కదండీ. ఒకావిడ నిలబడి చేతులు తిప్పుతుంది, అంతేగా."

ఆ ఒకావిడ నేనే. ఇరవయ్యేళ్లుగా ఆ వేషం నాదే. నా చేతిలో కాఫీ కప్పు ఉంది. అతని మొహాన కొట్టలేదంటే మర్యాద వల్ల కాదు, అది మా అమ్మ కప్పు.

ఆ కథ మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. డాన్యూబ్ నది పొంగుతోందని, దాన్ని శాంతింపజేయాలని, ఊరి దొర ఒక పేదింటి పెళ్లికూతుర్ని నీళ్లకి ఇచ్చేస్తాడు. ఊరేగింపు వెళ్లిపోతుంది. ఖాళీ రంగస్థలం మీదికి ఆ పిల్ల తల్లి వస్తుంది. ఆమెకి ఒక్క అడుగు నాట్యం లేదు. ఉన్నదంతా చేతుల మాటే. రెండు అరచేతులు గుండె మీదికి వస్తాయి: నా. చేతులు ఊయల కడతాయి: బిడ్డ. వేళ్లు అలల్లా పక్కకి పారతాయి: ఏటికి ఇచ్చావు. అప్పుడు ఎడమ అరచెయ్యి ప్రమిదలా పైకి లేస్తుంది: నీ ఇంటి దీపం. కుడిచేతి రెండు వేళ్లు మెల్లగా దిగి ఆ వత్తిని నలిపేస్తాయి. అంతే, శాపం పూర్తయింది.

నేను బృందంలో చేరిన కొత్తల్లో ఒక చలికాలం మా ఊళ్లో కరెంటుకి రేషను పెట్టారు. కాసేపు ఉండేది, కాసేపు ఉండేది కాదు. పిల్లలు కోట్లు వేసుకుని పడుకునేవాళ్లు. పార్టీ పెద్దలుండే వీధిలో మాత్రం ఒక్క బల్బు ఆరలేదు. ఆ పెద్దలే శనివారం శనివారం మా నాటకశాలకి వచ్చి రంగస్థలం పక్కనున్న బాక్సులో ముఖమల్ కుర్చీల్లో కూర్చునేవాళ్లు. అప్పట్లో తల్లి వేషం పెద్ద రాయ్నాది. ఒక శనివారం ఆవిడ అలా దీపం పట్టుకుందో లేదో, చవక టిక్కెట్ల పై గ్యాలరీలో ఎవరో లేచారు. చెక్క సీటు టక్కున మడుచుకుంది. ఆ వెనకే ఇంకోటి, ఇంకోటి. గ్యాలరీ మొత్తం లేచి నిలబడి, అరచెయ్యి పైకెత్తి, ఆ బాక్సు వైపు చూస్తూ రాయ్నాతో పాటు దీపం నలిపేసింది. ఒక్కరూ నోరు విప్పలేదు. నోరు విప్పనివాళ్లని ఏ నేరం మీద పట్టుకుపోతారు?

ఆ పెద్దలు పోయారు. బాక్సులోకి వేరేవాళ్లు వచ్చారు, వాళ్లూ పోయారు. గ్యాలరీ మాత్రం నేటికీ లేస్తుంది. చర్చి ముందునుంచి నడిస్తే చెయ్యి దానంతటదే శిలువ గుర్తు వేసినట్టు, తల్లి దీపం ఎత్తితే మా ఊళ్లో చేతులు వాటంతటవే లేస్తాయి. పెద్ద రాయ్నా ఆ నాలుగు నిమిషాలనీ తన వంటింట్లో, మిరపకాయలు కాలుస్తూ నాకు ఇచ్చింది. నా తర్వాత ఎవరికివ్వాలా అని నేను చూస్తుంటే, ఈయన వచ్చి "ఏమీ జరగని చోటు" అంటున్నాడు!

సాధన అవ్వగానే అతని గదిలోకి వెళ్లాను. తలుపు కొట్టలేదు.

"నీకు సిగ్గుందా?" అన్నాను.

"కూర్చోండి, వెలిచ్కా గారూ."

"నేను కూర్చోవడానికి రాలేదు. నువ్వెక్కడినుంచి వచ్చావో గుర్తు చెయ్యడానికి వచ్చాను. ఆకాశంనుంచి ఊడిపడ్డావా నువ్వు?"

"నేనూ ఆ గ్యాలరీలో పెరిగినవాణ్ణే" అన్నాడు బోజిదార్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "మా అమ్మ ఒళ్లో కూర్చుని దీపం నలిపినవాణ్ణే. అందుకే చెప్తున్నా. అది మనకి ముద్దు. బయటివాళ్లకి పల్లెటూరి తంతు. కిందటేడు వియన్నానుంచి వచ్చినాయన నా చెయ్యి పట్టుకుని, పైన వాళ్లకేమైంది, నిప్పేమైనా అంటుకుందా అని అడిగాడండీ. నేను ఏం చెప్పాలి?"

"అంటుకుందనే చెప్పాల్సింది."

"చూడండి, కొత్తవాటికి చోటివ్వాలంటే పాతవి కాస్త జరగాలి. మీకు ఆసెన్ మీద కోపం ఉంటే..."

"ఆసెన్ ఎవడు? నాకు కోపం నీ మీద."

అలా అన్నానే గానీ, మెట్లు దిగుతుంటే ఆసెన్ మీద కూడా కోపం వచ్చింది. కోపం విషయంలో నేను ఎప్పుడూ పిసినారిని కాదు.

*

ఆసెన్ మా ఊరి కుర్రాడే. ముప్పై కూడా నిండలేదు. మా బృందంలోనే వెనక వరసలో నాట్యం చేసి, తర్వాత ఎక్కడో బెర్లిన్‌లో నాలుగేళ్లు ఉండి, జుట్టు పెంచుకుని తిరిగొచ్చాడు. నేను చిన్న హాలు తలుపు తోసుకుని వెళ్లేసరికి వాడి 'రేవు' సాధన జరుగుతోంది. మా అమ్మాయిలు పది పన్నెండుమంది మామూలు కోట్లు వేసుకుని, చేతుల్లో సంచులతో నిలబడి ఉన్నారు. పియానో ఆగిపోయింది. ఎవరూ కదలడం లేదు. నేను చాలాసేపు చూశాను. అయినా ఎవరూ కదలలేదు.

"ఏంట్రా ఇది? బస్సు రాలేదా?" అన్నాను.

"పడవ, అమ్మా. పడవ రాలేదు" అన్నాడు ఆసెన్.

"ఎంతసేపు నిలబడతారు ఇలా?"

"వచ్చేదాకా."

"ఎప్పుడొస్తుంది?"

"రాదు."

"బాగుందిరా! జనం వీధిలో ఊరికే దొరికే బస్టాపుని టిక్కెట్టు కొనుక్కుని చూడాలన్నమాట. ఈ బస్టాపు కోసమా నా తల్లిని కోసేసింది?"

వాడి మొహం ఎర్రబడింది. "మీ తల్లిని నేను కొయ్యలేదు."

"నీకు చోటివ్వడానికే కోశారు. నీ సంచుల వాళ్లు ఊరికే నిలబడటానికి!"

అమ్మాయిలు తలలు దించుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ నిలబడటంలో ఏదో ఉంది. ఒక పిల్ల సంచిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్న తీరు చూసి నా గుండె కలుక్కుమంది. కానీ ఆ రోజు నేను ఎవరినీ మెచ్చుకునే స్థితిలో లేను. తలుపు దడాల్న వేసి బయటికొచ్చాను.

మర్నాడు సంతలో స్తోయ్నా నన్ను పట్టుకుంది. స్తోయ్నా మిరపకాయలమ్ముతుంది, ఎర్రవి, అరచేయంత వెడల్పువి. ఆసెన్ ఆవిడ మనవడే. ఎంత చలిలోనైనా పై గ్యాలరీలో మొదటి వరస ఆవిడది. నేను తల్లి వేషం కట్టిన ప్రతిసారీ పైన అందరికంటే ముందు మడుచుకునే సీటు ఆవిడదేనని ఊళ్లో అందరికీ తెలుసు.

"ఏమే వెలిచ్కా, నా మనవడిది బస్టాపు అన్నావంట?"

"అన్నాను."

"వాడు రాత్రి అన్నం ముట్టలేదు. నువ్వు తింటావా వాడి వంతు?" అంటూనే నా సంచిలోకి మిరపకాయలు కుక్కింది. "అయినా వాడి మీద ఎందుకే ఎగరడం? నువ్వు తల్లివి, వాడు పిల్లాడు."

"తల్లిని తీసేశారు, స్తోయ్నా."

"ఏ తల్లిని?"

"ఎంతమంది తల్లులున్నారు? రెండో అంకంలో తల్లిని. మంత్రిగారికి భోజనం ఆలస్యమవుతుందని."

స్తోయ్నా చేతిలో మిరపకాయ అలాగే ఆగిపోయింది. "దీపం లేదా?"

"లేదు."

"మరి నేనెందుకే రావాలి? మెట్లెక్కలేక చస్తున్నా మోకాళ్లతో. దొర గంతులు చూడటానికా?" ఆవిడ గొంతు పెద్దదైంది. పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు. "మా ఆయన ఫ్యాక్టరీలో పోయిన ఏడు, ఆ ఫ్యాక్టరీ వాడు నష్టపరిహారం ఇవ్వనన్న ఏడు, ఎక్కడికి పోయి ఏడ్చాననుకున్నావు? చర్చికి కాదు. మీ దగ్గరికే వచ్చాను. లేచి నిలబడి వాడి దీపం నలిపి ఇంటికెళ్లి పడుకున్నా. ఇప్పుడు ఎక్కడికి పోవాలి నేను?"

అప్పటిదాకా నా వేషం పోతోందనే నా బాధ. ఆవిడ గోల విన్నాక, పోతున్నది నాది కాదని అర్థమైంది. దాంతో కోపం సగమవ్వాలి, న్యాయంగా. రెట్టింపయింది.

*

సీజన్ మొదలయ్యే రోజు ఉదయం వేషాలతో చివరి సాధన. నాకు పని లేదు. అయినా వెళ్లి నా గదిలో కూర్చున్నాను, ఎవరైనా వస్తే తిట్టడానికి. ఆసెన్ వచ్చాడు. తలుపు కొట్టకుండా వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, జుట్టు రేగిపోయి ఉంది.

"తీసేశాడు. నా నిశ్శబ్దం తీసేశాడు" అన్నాడు.

"శుభం."

"అమ్మా, నవ్వకండి. 'రేవు' మొత్తం ఆ నిశ్శబ్దం కోసమే కట్టాను. పడవ రాదు, సంగీతం ఆగిపోతుంది, ఆడవాళ్లు నిలబడతారు. మొదటి పాటలో వాళ్ల పరుగులూ రెండో పాటలో వాళ్ల పోట్లాటలూ అన్నీ దానికోసమే. ఇవాళ చివరి సాధనలో బోజిదార్ చప్పట్లు కొట్టి ఆపేశాడు. మంత్రిగారు వాద్యాలవాళ్లు మర్చిపోయారనుకుంటాడట. పాటకీ పాటకీ అతికించెయ్యమన్నాడు. ఏమీ జరగని చోట్లు వద్దట!"

"ఏమన్నాడూ?"

"ఏమీ జరగని చోట్లు వద్దన్నాడు."

అదే మాట. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. నా తల్లినీ వీడి నిశ్శబ్దాన్నీ ఒకే కత్తెరతో కోశాడు. పాతదాంట్లో ప్రాణం ఉన్న చోటు తీసేశాడు, కొత్తదాంట్లో ప్రాణం ఉన్న చోటు తీసేశాడు, మిగిలిన రెండు తొక్కలూ పక్కపక్కన పెట్టి సమతూకం అంటున్నాడు. పాతదీ కాదు, కొత్తదీ కాదు, అతనికి కావలసింది మంత్రిగారి భోజనం వేళకి అయిపోయేది.

"కూర్చోరా" అన్నాను. ఆసెన్ నేల మీద కూలబడ్డాడు.

"ఆ నిశ్శబ్దంలో అసలేముంది? నిజం చెప్పు. నాకు అర్థమయ్యేట్టు చెప్పు."

"చిన్నప్పుడు మామ్మ నన్ను పైకి తీసుకెళ్లేది కదా. తల్లి వచ్చేముందు హాలంతా ఊపిరి బిగబట్టేది. అంతమంది కలిసి ఊపిరి బిగబట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు. బెర్లిన్‌లోనూ చూడలేదు. అది చెయ్యాలనుకున్నాను. ఆ ఆడవాళ్లలో ఎవరిదో ఒకరి బిడ్డ ఏట్లోనే ఉందని నా ఊహ. ఎవరిదో నాకూ తెలీదు."

నాకు తెలిసింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. వాడికీ తెలిసిందని వాడి మొహం చెప్పింది.

"నాకో కోటు కావాలి. ఓ సంచి కూడా" అన్నాను.

"అమ్మా, మిమ్మల్ని పంపించేస్తారు."

"ఎక్కడికి పంపిస్తారురా? వేషం లేనిదాన్ని ఇప్పటికే పంపించేసినట్టే. నీ సంగతి చూసుకో."

"నాకు బెర్లిన్ ఉంది" అన్నాడు వాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "కానీ గ్యాలరీకి ముందే చెప్పకూడదు. మా మామ్మకి కూడా. చెప్తే వాళ్లది కూడా వేషమైపోతుంది."

"చెప్పకపోతే వాళ్లు గుర్తుపట్టకపోవచ్చు. సంగీతం ఉండదు, నల్ల శాలువా ఉండదు. కోటేసుకున్న ముసలమ్మ చేతులు తిప్పుతుంటే ఎవరికేం తెలుస్తుంది?"

"అవును. తెలియకపోవచ్చు" అన్నాడు ఆసెన్.

ఇక మిగిలింది పెన్చో. వాద్యబృందాన్ని నడిపేది ఆయనే. చేతిలో పుల్ల ఆయన కింద పెడితే తప్ప నిశ్శబ్దం ఉండదు. క్యాంటీన్‌లో పెరుగుచారు తాగుతుండగా పట్టుకున్నాం. అంతా విని, మూతి తుడుచుకుని, "డైరెక్టరు అతికించమన్నాడు కదా" అన్నాడు.

"అన్నాడు."

"నేను వయొలిన్ తీగల మీద నలభయ్యేళ్లు గడిపినవాణ్ణి. నన్ను పిలిచి అక్కడ గోందు పూయమన్నాడు, పుస్తకం అట్టకి పూసినట్టు." పెన్చో చెంచా బల్ల మీద విసిరాడు. "పుల్ల ఎప్పుడు దించాలో నాకు తెలుసు. మళ్లీ ఎప్పుడు ఎత్తాలో అది చెప్పండి."

"నేను దీపం నలిపాక" అన్నాను.

*

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. రంగస్థలం పక్క బాక్సులో మంత్రిగారు, ఆయన భార్య, వాళ్ల పక్కన కొత్త సూటులో బోజిదార్. నేను తెర పక్కన చీకట్లో నిలబడి 'ఏటి పెళ్లికూతురు' చూశాను. అమ్మాయిలు బాగా చేశారు, పాపం. వాళ్ల తప్పేముంది? రెండో అంకం చివర ఊరేగింపు లేకుండానే పిల్లని ఏటికిచ్చేశారు. రంగస్థలం ఖాళీ అయింది. పైన సీట్లు మడుచుకుంటున్న చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. అలవాటు. లేచారు, నా కోసం.

అంతలోనే బాకాలు మోగాయి, దొర మేడలో విందు నాట్యం మొదలైంది. రంగు రంగుల గౌన్లు గిర్రున తిరిగాయి. పైన నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉండిపోయారు. "తల్లేదీ?" అని ఒక గొంతు అరిచింది. బాకాలు దాన్ని మింగేశాయి. మంత్రిగారు బోజిదార్ చెవిలో ఏదో అంటే, బోజిదార్ నవ్వి చెయ్యి ఊపాడు, ఏం లేదండీ అన్నట్టు. ఆ చెయ్యి ఊపడం చూసి పళ్లు పటపట కొరికాను.

విరామంలో ఆసెన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "పైన సగంమంది కోట్లు వేసుకుంటున్నారు. వెళ్లిపోతామంటున్నారు."

"మరి?"

"మామ్మ మెట్లకి అడ్డంగా నిలబడింది. నా మనవడిది చూడకుండా ఏ ముండ దిగుతుందో చూస్తానంటోంది."

నేను బూడిదరంగు కోటు వేసుకున్నాను. సంచి పట్టుకున్నాను. అందులో ఆసెన్ ఏదో బరువు పెట్టాడు. చూస్తే మిరపకాయలు.

'రేవు' మొదలైంది. పరుగులు, పోట్లాట. ఆ కుర్రాడికి పనితనం ఉంది, ఇప్పుడు చెప్తున్నాను, ఆ రోజు హాల్లో చెప్పలేకపోయినందుకు. రెండో పాట చివరికి వచ్చింది. పెన్చో పుల్ల దించి, బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు. వయొలిన్లవాళ్లు వయొలిన్లు ఒళ్లో పెట్టుకున్నారు. ఆడవాళ్లు నిలబడ్డారు. హాలు నిశ్శబ్దమైంది.

బాక్సులో బోజిదార్ తల ముందుకు వచ్చింది. పెన్చో వైపు చెయ్యి ఆడించాడు. పెన్చో అటు చూడలేదు.

నేను నడిచి వెళ్లాను. ఆడవాళ్ల మధ్యలోంచి ముందుకొచ్చి, సంచి కింద పెట్టాను. పెద్ద రాయ్నా నాకు చెప్పిన మాట ఒక్కటే గుర్తుంది: సంగీతాన్ని నమ్ముకోకు, ఊపిరిని నమ్ముకో. అరచేతులు గుండె మీద పెట్టాను. నా. చేతులు ఊయల కట్టాయి. బిడ్డ. వేళ్లు పారాయి. ఏటికి ఇచ్చావు.

ఏమీ లేదు. ఎవరో దగ్గారు. పైన చీకటి అలాగే ఉంది. గుర్తుపట్టలేదు అనుకున్నాను, అయిపోయింది అనుకున్నాను. ఒంటరిగా ఒక ముసల్ది కోటేసుకుని మంత్రిగారి ముందు చేతులు తిప్పుతోంది, బోజిదార్ చెప్పినట్టే. ఆ కోపంతోనే ఎడమ అరచెయ్యి పైకెత్తాను.

టక్.

ఒక్క సీటు. ఎవరిదో నాకు తెలుసు. తర్వాత రెండోది, తర్వాత వరస మొత్తం, తర్వాత ఆ పై వరస, చెక్క మీద చెక్క పడుతున్న చప్పుడు పైకప్పుదాకా పాకింది. నా వెనక సంచులు కింద పడుతున్నాయి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఆసెన్ కూడా చెప్పలేదు, మా అమ్మాయిలు వాళ్లంతట వాళ్లే దింపేశారు. తల తిప్పకుండానే నాకు తెలిసింది, వెనక అందరి చేతులూ లేచాయని. కింద ఖరీదైన సీట్లలో కూడా అక్కడో తల ఇక్కడో తల లేచింది.

దీపం పట్టుకుని, శాపం పోవలసిన చోటికి, బాక్సు వైపు తిరిగాను.

మంత్రిగారు నోరు తెరుచుకుని పైకి చూస్తున్నారు. ఆయన పక్కన బోజిదార్ నిలబడి ఉన్నాడు. నన్ను ఆపమని అరవడానికే లేచాడేమో, నాకు తెలీదు. అతని ఎడమ అరచెయ్యి పైకి తిరిగి ఉంది. ముఖమల్ అంచు మీదుగా, ప్రమిదలా, వేళ్లు దగ్గరగా చేర్చి. అతని కళ్లు నా మీద ఉన్నాయి, చేతి మీద లేవు. చెయ్యి ఏం చేస్తోందో అతనికి తెలియదు.

నేను కుడిచెయ్యి దించాను. గ్యాలరీ దించింది. బోజిదార్ దించాడు. అందరం కలిసి ఆ బాక్సు దీపం నలిపేశాం.

అప్పుడు చూసుకున్నాడు తన వేళ్లని.

పెన్చో పుల్ల ఎత్తాడు.

*

చప్పట్లు అయిపోయాక చాలాసేపటికి బోజిదార్ నా గదికి వచ్చాడు. ఆసెన్ అక్కడే ఉన్నాడు. స్తోయ్నా నా కుర్చీలో కూర్చుని మోకాళ్లు రాసుకుంటోంది. అతను మాత్రం తలుపు కొట్టాడు.

"మంత్రిగారు వెళ్లిపోయారు. భోజనానికి ఉండలేదు" అన్నాడు.

"ఆకలిగా లేదేమో" అంది స్తోయ్నా.

"వెలిచ్కా గారూ, మీరు చేసిందేంటో మీకు తెలుసా? మీ మీద చర్య తీసుకోక తప్పదు. ఆసెన్ మీదా, పెన్చోగారి మీదా."

"తీసుకో" అన్నాను. "ముందు నా మాట విను. పాతది మొత్తం ఒక సాయంత్రం ఆడు, తల్లితో సహా. వీడిది మొత్తం ఇంకో సాయంత్రం ఆడు, నిశ్శబ్దంతో సహా. ఎవరూ రాకపోతే ఖాళీ హాల్లో ఆడు. కానీ రెండిట్నీ నరికి ఒక గిన్నెలో పోసి నా ముందు సమతూకం అన్నావంటే, ఈసారి మా అమ్మ కప్పని కూడా చూడను."

అతను స్తోయ్నా వైపు చూశాడు, ఆసెన్ వైపు చూశాడు.

"మరి నీ మీద చర్య ఎవరు తీసుకుంటారు?" అన్నాను. "నువ్వూ నలిపావుగా. నేను చూశాను."

ఆసెన్ గోడవైపు తిరిగాడు, నవ్వు ఆపుకోవడానికి. స్తోయ్నా ఆపుకోలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తన ఒంట్లోనే ఉన్నదాన్ని ఏమీ లేదని కోసేసినవాడి మీద కోపం అంత తొందరగా పోదు, నాకింకా పోలేదు.

బోజిదార్ గుమ్మంలోనే నిలబడ్డాడు. తలుపు కొట్టిన దగ్గరనుంచీ రెండు చేతులూ సూటు జేబుల్లోనే ఉన్నాయి. వెళ్లేటప్పుడు కూడా తీయలేదు, తలుపు భుజంతో తోసుకుని వెళ్లాడు.